భోగ్యం లెక్క నుంచి ఎక్సెల్ దాకా



మన పిల్లల్లో బీకాం, ఇంజనీరింగ్, ఎంబీఏ చదివినవాళ్లు కొందరు ఇప్పుడు రియల్ ఎస్టేట్ ఫైనాన్షియల్ మోడలింగ్ కోర్సుల వైపు చూస్తున్నారు. ఏ కోర్సు మంచిదన్న మాట వస్తే ఫీజు, సర్టిఫికెట్, ఉద్యోగం గురించే మాట్లాడుకుంటున్నాం. అసలు ఈ విద్య ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ఒక స్థలం మీదో భవనం మీదో ఎప్పుడు ఎంత పెట్టాలి, ఎప్పుడు ఎంత వస్తుంది, వడ్డీ, పన్నులు పోను చివరికి ఎంత మిగులుతుంది అని వరసగా లెక్క వేసి చూపడమే మోడలింగ్. పేరు కొత్తదే గానీ పని పాతది. బెంగళూరులో ఇల్లు భోగ్యానికి ఇవ్వడం మనకు తెలిసిందే. 12 లక్షలు ఒకేసారి తీసుకుని, బాడుగ లేకుండా ఉండనిచ్చి, గడువు తీరాక ఆ 12 లక్షలూ తిరిగి ఇచ్చేస్తాం. ఆ సొమ్ము మీద ఏడాదికి 8 శాతం వస్తే 96 వేలు, అంటే నెలకు 8 వేలు. అదే ఇంటికి బయట 12 వేల బాడుగ పలికితే భోగ్యం వల్ల యజమానికి నష్టం. ఈ పోలిక నోటిలెక్కగా వేసిన మన పెద్దమ్మలు మోడలింగ్ చేసినట్టే.

ఈ లెక్కలకు మన వైపు పాత చరిత్రే ఉంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అసలు, వడ్డీ, కాలం, వీటిలో తెలిసినవాటిని బట్టి తెలియనిదాన్ని రాబట్టే లెక్కలు అందులో ఉన్నాయి. తరవాత పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కన్నడ రాజుల నీడలో పుట్టిన గణితం అలా తెలుగు వాళ్లకు అందింది.

వడ్డీ లెక్కను తిరగేస్తే భూమి విలువ వస్తుంది. 1849లో జర్మనీలో మార్టిన్ ఫౌస్ట్‌మన్ అనే అటవీ నిపుణుడు ఈ పని చేశాడు. చెట్లు కోతకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఎప్పుడో వచ్చే ఆ సొమ్ముకు ఈ రోజు విలువెంత, దాన్నిబట్టి ఆ నేల ఖరీదెంత అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. ఇప్పటి కోర్సుల్లో డిస్కౌంటెడ్ క్యాష్ ఫ్లో అని చెప్పేది ఈ లెక్కే.

1959లో అమెరికాలో ఎల్‌వుడ్ అనే ఆయన స్థిరాస్తి మదింపు కోసం పట్టికల పుస్తకం వేశాడు. మదింపుదారులు అందులో అంకెలు వెతుక్కునేవారు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజిక్యాల్క్ వచ్చింది. ఒక గడిలో అంకె మారిస్తే దానిమీద ఆధారపడ్డ అంకెలన్నీ వాటంతటవే మారిపోయాయి. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. పట్టికల పుస్తకం అటకెక్కింది, విజిక్యాల్క్ పోయింది, లోటస్ కూడా పోయింది. ఫౌస్ట్‌మన్ వేసుకున్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఎక్సెల్ కీలకిటుకులు మాత్రమే నేర్పే కోర్సు పనిముట్టును నేర్పుతుందే తప్ప విద్యను నేర్పదు.

ఇది ఉద్యోగాల సంగతి మాత్రమే కాదు. మన తాతలు కొన్న సైట్లను ఉమ్మడి అభివృద్ధికి ఇమ్మని బిల్డర్లు అడుగుతున్న రోజులివి. ఒక ఉదాహరణ చూడండి. ఇప్పుడే 75 లక్షలు తీసుకోండి, లేదా 4 ఏళ్ల తరవాత కోటి తీసుకోండి అన్నారనుకుందాం. మన డబ్బు మీద ఏడాదికి 10 శాతం సంపాదించగలమనుకుంటే, ఆ కోటికి ఈ రోజు విలువ సుమారు 68 లక్షల 30 వేలే. 75 తీసుకోవడమే నయం. 6 శాతమే వస్తుందనుకుంటే దాని విలువ 79 లక్షల 20 వేలు. అప్పుడు ఆగడం నయం. కానీ కట్టడం ఆలస్యమై 6 ఏళ్లు పడితే, అదే 6 శాతం మీద కూడా విలువ 70 లక్షల 50 వేలకు పడిపోతుంది. ఒప్పందంలో అందరూ కోటి అన్న అంకెను చూస్తారు. నష్టం మాత్రం గడువులో దాగి ఉంటుంది.

మన దేశంలో ఈ మధ్య వచ్చిన మార్పులు కూడా గుర్తుంచుకోవాలి. 2014లో సెబీ రీట్ నిబంధనలు తెచ్చింది. 2019లో దేశంలో మొదటి రీట్, బెంగళూరు ఆఫీసు పార్కులున్న ఎంబసీ, షేరు మార్కెట్లో నమోదైంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలి. అమెరికా భవనాల కోసం తయారైన పాఠంలో ఈ 70 శాతం కనిపించదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఈ నాలుగూ అడగండి:

1. ఖాళీ షీటు నుంచి మోడల్ మనచేతే కట్టిస్తారా, తయారైన నమూనాలో అంకెలు నింపిస్తారా?
2. రెరా ఖాతా, స్టాంపు డ్యూటీ, జీఎస్టీ, ఉమ్మడి అభివృద్ధి వాటాలు పాఠంలో ఉన్నాయా?
3. గడువు రెండేళ్లు జరిగితే, వడ్డీ 2 శాతం పెరిగితే ఏమవుతుందో చూడడం నేర్పుతారా?
4. మనం చేసిన పనిని ఎవరైనా చూసి తప్పులు దిద్దుతారా?

మొదటిదానికి, నాలుగోదానికి సరైన జవాబు రాకపోతే ఎంత పేరున్న సర్టిఫికెట్ అయినా పక్కన పెట్టండి. వడ్డీ, కాలం, నేటి విలువ తెలియని పిల్లలు ముందు వాటిని కాగితం మీద చేసి, ఆ తరవాతే కోర్సులో చేరాలి.

సంఘానికి ఒక మనవి. ఈ విద్య వచ్చిన మన పిల్లలు నెలకో ఆదివారం సంఘం హాల్లో కూర్చుని, సైటు ఒప్పందం చేతికొచ్చిన ఇళ్లవాళ్లకు సంతకానికి ముందే లెక్క వేసి చూపాలి. వకీలు పత్రం చూస్తాడు, అంకెలు మనమే చూసుకోవాలి. దీని మీద మీ అభిప్రాయం కింద రాయండి.