ఆటపెట్టెల కామందులు

వీడియో ఆటలను గురించి సాహిత్య విమర్శ పత్రికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. నా తరగతిలో, నిన్న రాత్రి నవల చదివినవాళ్ళెందరని అడిగితే ఒకటి రెండు చేతులు లేస్తాయి. ఆట ఆడినవాళ్ళెందరంటే సగం తరగతి లేస్తుంది. కథ, చిత్రం, సంగీతం, నటన అన్నీ యీ ఆటల్లో చేరాయి. యింతమందిని పట్టుకున్న ఒక కళారూపాన్ని పిల్లచేష్టగా తోసివెయ్యడం విమర్శకుడికి తగదు. పుస్తకాన్ని గురించి ఆలోచించేటప్పుడు రచయితతోపాటు అచ్చాఫీసునూ, ప్రచురణకర్తనూ లెక్కలోకి తీసుకుంటాం. ఆట విషయంలోనూ అలాగే అడగాలి: దీన్ని ఎవరు తయారు చేస్తున్నారు? ఎవరు ప్రచురిస్తున్నారు? ఎవరి అనుమతితో ప్రచురిస్తున్నారు?

యీ మూడో ప్రశ్నే యిక్కడ ముఖ్యం. పుస్తకాన్ని ఏ అచ్చాఫీసులో వేసినా ఏ దీపం కిందనైనా చదువుకోవచ్చు. ఆట అలా కాదు. టెలివిజనుకు తగిలించి ఆడుకునే పెట్టెను కన్సోల్ అంటారు. సోనీ పెట్టెకు తయారైన ఆట నింటెండో పెట్టెలో ఆడదు. పెట్టె ఎవరిదో వారి అనుమతి వుంటేనే దానికి ఆట ప్రచురించగలరు. ఆ అనుమతి ఊరికే రాదు. ఒక్కొక్క కాపీ మీదా యింత అని కట్టాలి. మన పల్లెల భాషలో చెప్పాలంటే పొలం కామందుది, సాగు కౌలుదారుది. మార్క్సు ‘పెట్టుబడి’ మూడవ సంపుటంలో లాభాన్నీ, భూమి మీద వచ్చే కౌలునూ వేరుచేసి చూపాడు. ఆ తేడా గుర్తుపెట్టుకుంటే యీ పరిశ్రమ చరిత్ర సులభంగా అర్థమవుతుంది.

మొదట్లో యిద్దరూ ఒకరే. అమెరికాలో అటారీ కంపెనీని 1976లో వార్నర్ కమ్యూనికేషన్స్ సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లకు కొన్నది. 1977లో అటారీ తన ఆటపెట్టెను విడుదల చేసింది. దానికే తరువాత 2600 అని పేరు వచ్చింది. పెట్టే అటారీదే, అందులో గుచ్చే కార్ట్రిడ్జీలూ అటారీవే. ఆ రోజుల్లో ఒక ఆటను దాదాపుగా ఒక్క మనిషే తయారుచేసేవాడు. ఊహ, బొమ్మ, శబ్దం, ప్రోగ్రాము అన్నీ అతనివే. కాని పెట్టె మీద అతని పేరు వుండేది కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామరు ‘అడ్వెంచర్’ అనే తన ఆటలో ఎవరికీ కనబడని ఒక గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. కంపెనీకి ఆ సంగతి అతను వెళ్ళిపోయిన తరువాత గాని తెలియలేదు. తన రచన మీద తన పేరు దొంగతనంగా పెట్టుకోవలసి వచ్చిన రచయిత అతను.

1979లో ఏ ఆట ఎంత అమ్ముడుపోయిందో తెలిపే ఒక పట్టిక అటారీ ఉద్యోగుల చేతికి వచ్చింది. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్ అనే నలుగురు ఆ పట్టికను లెక్క వేసుకున్నారు. కార్ట్రిడ్జీల అమ్మకంలో సగానికి పైగా తమ నలుగురి ఆటల మీదనే వస్తున్నది. తమ జీతం మాత్రం మామూలు ఇంజనీరు జీతం. వారు అధిపతి రే కాసర్ వద్దకు వెళ్ళి పేరూ, అమ్మకంలో వాటా అడిగారు. కాసర్ బట్టల పరిశ్రమ నుంచి వచ్చినవాడు. ఫ్యాక్టరీలో కార్ట్రిడ్జీలు బిగించే కార్మికులకంటె మీరేమీ ఎక్కువ కాదని ఆయన తమతో అన్నట్టు వారు తరువాత చెప్పారు.

యీ పరిశ్రమ చరిత్ర రాసేవారు యీ మాటను అవమానంగానే చెబుతారు. కాసర్ ఆ ఉద్దేశంతోనే అని వుండవచ్చు. కాని అందులో ఆయనకే తెలియని నిజం ఒకటి వున్నది. ప్రోగ్రామరూ, కార్ట్రిడ్జి బిగించే మనిషీ యిద్దరూ శ్రమను అమ్ముకునేవారే. ఒకరి శ్రమ ఫలితం పట్టికలో అంకెగా కనిపిస్తుంది, మరొకరిది కనిపించదు, తేడా అంతే. ఆ మాట విని నలుగురికీ కోపం వచ్చింది గాని, బిగించే మనిషికి మాత్రం వాటా ఎందుకు లేదన్న ప్రశ్న వారికి రాలేదు. వచ్చివుంటే వారు ఫ్యాక్టరీ వైపు నడిచేవారు. అది రాలేదు కనుక కంపెనీ పెట్టడానికి నడిచారు.

సంగీతపు రికార్డుల వ్యాపారం నుంచి వచ్చిన జిమ్ లెవీతో కలిసి 1979లో వారు ఆక్టివిజన్ అనే సంస్థను స్థాపించారు. యితరుల పెట్టెకు ఆటలు తయారుచేసి అమ్మే మొదటి స్వతంత్ర ప్రచురణ సంస్థ అదే. రచయిత పేరును పుస్తకం మీద వేసినట్టు వారు ఆట మీద వేశారు. యిది చిన్న విజయం కాదు. అటారీ దావా వేసింది. 1982లో రాజీ కుదిరింది: ఆక్టివిజన్ ఆటలు అమ్ముకోవచ్చు, అటారీకి రాయల్టీ కట్టాలి. యితరుల పెట్టెకు ఆట ప్రచురించే హక్కుతోపాటే దానికి శిస్తు కట్టే ఆచారమూ స్థిరపడింది.

దారి తెరుచుకోగానే పెట్టుబడి అంతా అటు దూకింది. ఓటుధాన్యం అమ్మే క్వేకర్ ఓట్స్ కంపెనీకి కూడా ఒక వీడియో ఆటల విభాగం ఏర్పడింది. సరుకు పేరుకున్నది. నాసిరకం సరుకంతా బయటివాళ్ళదే అనుకోరాదు. 1982 క్రిస్మసు అమ్మకాలకు అందించడం కోసం ‘ఇ.టి.’ సినిమా ఆటను అటారీ ఒకే ప్రోగ్రామరు చేత అయిదు వారాల్లో చేయించింది. అమ్ముడుపోని కార్ట్రిడ్జీలను 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చారు. 2014లో తవ్వి తీశారు. అమెరికాలో సుమారు 300 కోట్ల డాలర్ల వ్యాపారం 1985 నాటికి 10 కోట్లకు పడిపోయిందని అంచనా.

యీ శిథిలాల మీద నింటెండో తన జమీ కట్టింది. 1983లో జపానులో వచ్చిన దాని పెట్టె 1985లో అమెరికాకు చేరింది. అందులో ఒక తాళం చిప్పు వున్నది. దానికి జోడీ చిప్పు లేని కార్ట్రిడ్జి పెట్టెలో ఆడదు. తాళం చేతిలో వుండగా షరతులకేమి కొదవ? ప్రచురణకర్త ఏడాదికి అయిదు ఆటలకు మించి వెయ్యరాదు. ఒకసారి యిక్కడ వేసిన ఆటను రెండేళ్ళదాకా మరొకరి పెట్టె మీద వెయ్యరాదు. కార్ట్రిడ్జీలను నింటెండోయే తయారుచేస్తుంది. వేల సంఖ్యలో ఆర్డరిచ్చి సొమ్ము ముందే కట్టాలి. మిగిలిపోయిన సరుకు నష్టం ప్రచురణకర్తది. పంట యింటికి రాకముందే కౌలు చెల్లించినట్టన్నమాట. అయిదు ఆటల హద్దు దాటడానికి కొనామీ కంపెనీ అల్ట్రా అనే మరో పేరు పెట్టుకున్నది. భూపరిమితి చట్టం వచ్చినప్పుడు మనవైపు కామందులు బినామీ పేర్లు వెతికారు. యిక్కడ కౌలుదారులే వెతికారు.

ప్రభుత్వం ఏం చేసిందంటారా? పెట్టె ధర తగ్గించి అమ్మనివ్వకుండా దుకాణాలను కట్టడి చేసిందన్న ఆరోపణ మీద 1991లో నింటెండో రాజీకి వచ్చింది. కొన్నవారికి అయిదేసి డాలర్ల కూపన్లు యిచ్చింది. ఆ కూపను చెల్లేది నింటెండో ఆట కొంటేనే! ఆ రోజుల్లోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ సెగా వారి పెట్టె రహస్యాన్ని తానే విప్పుకొని, అనుమతి లేకుండానే ఆటలు వేయగలనని చూపించి, 1990లో తేలికైన షరతులు సంపాదించుకున్నది. అక్కొలేడ్ అనే చిన్న సంస్థ అదే పని చేసి కోర్టుల పాలయింది. 1992లో అప్పీలు కోర్టు దాని పక్షాన తీర్పు చెప్పింది. పెద్ద కౌలుదారుకు బేరం, చిన్న కౌలుదారుకు వ్యాజ్యం.

1994 డిసెంబరులో సోనీ ప్లేస్టేషన్‌తో వచ్చింది. కార్ట్రిడ్జికి బదులు సి.డి. వాడింది. సి.డి. చౌక, త్వరగా అచ్చవుతుంది. వేలకు వేలు ముందే ఆర్డరివ్వనక్కరలేదు. నింటెండో 1996లో తెచ్చిన కొత్త పెట్టెలోనూ కార్ట్రిడ్జినే నమ్ముకున్నది. స్క్వేర్ సంస్థ తన ‘ఫైనల్ ఫాంటసీ’ ఏడవ ఆటను 1997లో సోనీకి వేసింది. అంతకుముందు ఆ వరుసలోని ఆరూ మొదట నింటెండో పెట్టెలకే వచ్చాయి. ప్లేస్టేషన్ 10 కోట్లకు పైగా అమ్ముడయింది. నింటెండో పెట్టె 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగింది. కౌలుదారులు పొలం మారితే కామందు చిక్కిపోతాడు. 2001లో సెగా పెట్టెల వ్యాపారమే మానుకొని, నిన్నటిదాకా తనతో పోటీపడినవారి పెట్టెలకు ఆటలు వేసుకునే కౌలుదారుగా మారింది.

ఒకే ఆటను అనేక పెట్టెలకు వెయ్యడం యిందులోనుంచే పెరిగింది. ఆట తయారీ ఖర్చు ఒక్కసారే. మరో పెట్టెకు మార్చే ఖర్చు దానిలో చిన్న భాగం. కొనేవాళ్ళు మాత్రం రెట్టింపు కావచ్చు. కాప్‌కామ్ సంస్థ ‘రెసిడెంట్ ఈవిల్ 4’ను 2005 జనవరిలో నింటెండో పెట్టెకు యిచ్చి, అదే ఏడాది అక్టోబరులో సోనీ పెట్టెకు కూడా వేసింది. ప్రచురణకర్తకు యిది ఒక్క కామందు మీద ఆధారపడకుండా వుండే ఉపాయం. కాని ఒక్కొక్క పెట్టెకూ వేరువేరుగా మార్చి, పరీక్షించి, తప్పులు దిద్దేవాళ్ళకు? వాళ్ళకది విడుదల తేదీ ముందు నిద్రలేని రాత్రులు. ఆ పని చాలాచోట్ల తాత్కాలిక ఉద్యోగుల చేత చేయిస్తారు.

పెట్టెల యజమానుల వాదనలో నిజం లేకపోలేదు. భూమిని కామందు సృష్టించలేదు. పెట్టెను మాత్రం శ్రమే సృష్టించింది. 2006లో సోనీ మూడవ ప్లేస్టేషన్‌ను 499, 599 డాలర్లకు అమ్మినప్పుడు దాని తయారీకి 800 డాలర్లు దాటుతుందని పరిశీలకులు లెక్కగట్టారు. తన పెట్టె అమ్మకం మీద లాభం ఎన్నడూ రాలేదని మైక్రోసాఫ్టు అధికారి 2021లో కోర్టులోనే చెప్పారు. కాబట్టి నష్టాన్ని పూడ్చుకోవడానికే రాయల్టీ అంటారు. కాని నష్టానికి అమ్మడమెందుకు? పెట్టె యింట్లో చేరితే ఆ యింటికి వెళ్ళే ప్రతి ఆట మీదా శిస్తు వస్తుంది గనుక. ఆ నష్టం గుత్తాధిపత్యం కొనుక్కోవడానికి పెట్టిన వెల.

కార్ట్రిడ్జి తయారుచేసి యిస్తున్నామన్న సాకైనా ఒకప్పుడు వుండేది. యిప్పుడు ఆటలు ఎక్కువగా డిస్కు కూడా లేకుండా ఇంటర్‌నెట్ మీదనే అమ్ముడుపోతున్నాయి. తయారుచేసి యిచ్చే వస్తువే పోయింది, శిస్తు పోలేదు. సాధారణంగా అది నూటికి 30. 2008లో ఆపిల్ తన ఫోనుల దుకాణానికి కూడా అదే నిష్పత్తి పెట్టింది. మరో సంగతి: వేరువేరు పెట్టెలున్నవారు కలిసి ఒకే ఆట ఆడుకుంటే, ప్లేస్టేషన్ ఆటగాళ్ళ సొమ్ము మరో పెట్టె దుకాణానికి తరలిపోయినప్పుడు ప్రచురణకర్త పరిహారం కట్టాలన్న నిబంధన సోనీకి వున్నట్టు 2021లో కోర్టుకు చేరిన కాగితాల్లో బయటపడింది. యిద్దరు మిత్రులు కలిసి ఆడుకునే ఆటకూ సుంకమే.

యీలోగా ఖర్చు పెరిగింది. 2023లో కోర్టుకు దాఖలైన సోనీ పత్రంలో సరిగా చెరపని అంకెలను బట్టి ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ రెండవ భాగానికి 22 కోట్ల డాలర్లు, ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’కు 21 కోట్లకు పైగా ఖర్చయింది. యింత పెట్టుబడికి ఒక్క పెట్టె అమ్మకాలు చాలవు. అందుకే కామందులే తమ ఆటలను బయటికి తెస్తున్నారు. యీ రెండు ఆటలనూ సోనీ తరువాత కంప్యూటర్లకు కూడా వేసింది. తన ఆటలు నాలుగింటిని యితరుల పెట్టెలకు యిస్తానని 2024 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు ప్రకటించింది. గోడలు కట్టినవారే గోడలకు తలుపులు పెట్టుకోవలసి వచ్చింది.

మరి ఆక్టివిజన్ ఏమయింది? 2022 జనవరిలో మైక్రోసాఫ్టు దాన్ని 6,870 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించి, 2023 అక్టోబరులో కొన్నది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ కంపెనీ అధిపతి కావడం మనకు గర్వకారణంగా చెబుతారు. పెట్టె యజమాని నుంచి విముక్తి కోరి పుట్టిన మొదటి సంస్థ, మరో పెట్టె యజమాని కడుపులో చేరిందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. కోర్టులో వాదన ప్రధానంగా ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఆట సోనీ పెట్టెకు దక్కుతుందా లేదా అన్నదాని మీద సాగింది. దక్కుతుందని పదేళ్ళ ఒప్పందం రాసుకున్నారు. దాన్ని తయారుచేసేవారి ఉద్యోగాలకు పదేళ్ళ హామీ ఎవరూ రాయలేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్టు ఆటల విభాగంలో 1,900 మందిని తీసేశారు.

అయితే కథ అక్కడ ఆగలేదు. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’కి పనిచేసే రేవెన్ అనే స్టూడియోలో, ఆటలోని తప్పులు పట్టే పరీక్షకులు తమలో కొందరిని తొలగించినందుకు 2021 డిసెంబరులో పని మానేశారు. పరిశ్రమలో అందరికంటె తక్కువ జీతాలలో వారొకరు. 2022 మేలో 19 మంది అవుననీ, ముగ్గురు కాదనీ ఓటు వేసి యూనియన్ పెట్టుకున్నారు. ఆక్టివిజన్‌లో అదే మొదటి యూనియన్. కొనుగోలుకు ప్రభుత్వ అనుమతి కోసం ఎదురుచూస్తున్న మైక్రోసాఫ్టు, యూనియన్లకు అడ్డురానని 2022 జూన్‌లో ఒప్పుకున్నది. ఆ అవసరాన్ని కార్మికులు వాడుకున్నారు. 2024 జులైలో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ తయారుచేసే 500 మంది యూనియన్‌లో చేరారు. అందులో ప్రోగ్రాము రాసేవారు, బొమ్మలు గీసేవారు, తప్పులు పట్టేవారు అందరూ వున్నారు.

1979లో ఆ నలుగురు వాటా కోసం విడిపోయారు. వాటా దొరికింది, పేరు దొరికింది, చివరికి వారు పెట్టిన సంస్థే సరుకై అమ్ముడుపోయింది. ఆనాడు కాసర్ అవమానంగా అన్న మాటను నలభై రెండేళ్ళ తరువాత అదే సంస్థ కార్మికులు నిజంగా తీసుకొని, తాము ఒకరికంటె ఒకరు ఎక్కువ కాదని ఒప్పుకొని, చేతులు కలిపారు. కామందుకూ కౌలుదారుకూ మధ్య జరిగే బేరాన్ని స్వేచ్ఛ అని పొరబడరాదని యీ చరిత్ర నేర్పుతున్నది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థలకు హైదరాబాదులోనూ స్టూడియోలున్నాయి. అటువంటి చోట ఉద్యోగం కావాలని నా విద్యార్థులు కొందరు అంటూ వుంటారు. వెళ్ళమనే చెబుతాను. వెళ్ళిన మొదటి రోజున, తప్పులు పట్టే గదిలో ఎవరెవరున్నారో, వారి జీతాలెంతో అడిగి తెలుసుకోమని కూడా చెబుతాను.