రచయితల ఆస్తికత, నాస్తికత

రచయిత దేవుణ్ణి నమ్ముతాడా, నమ్మడా అన్న ఒక్క ప్రశ్నతో అతని ప్రగతిశీలతను నిర్ణయించే అలవాటు మన విమర్శలో ఉంది. నమ్మినవాడు అభివృద్ధి నిరోధకుడు, నమ్మనివాడు అభ్యుదయవాది! సూత్రం సుళువైనదే. కాని సాహిత్య చరిత్ర ముందు అది నిలవదు. సత్తెనపల్లిలో తెలుగు పాఠాలు చెప్పే నేను నిదర్శనాలకు దూరం పోనక్కరలేదు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో పూర్వపు సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో జన్మించారు. ఆయన జైలులో వ్రాసిన 1922 నాటి 'మాలపల్లి'లో రష్యా విప్లవ ప్రభావం స్పష్టం. అయినా ఆ నవలకు మూలస్తంభం రామదాసు, భక్తుడు, వేదాంతి. కొడుకు సంగదాసు భూస్వామి చేతిలో హతుడైనా ఆయన ఓర్పునే ఆశ్రయిస్తాడు. మరొక కొడుకు వెంకటదాసు ధనికులను దోచే మార్గం పడతాడు. రామదాసు ఓర్పును మనం ఆమోదించనక్కరలేదు. కాని ఇందులో భక్తి ఉన్నది గదా అని మద్రాసు ప్రభుత్వం ఉపేక్షించిందా? లేదు, పుస్తకాన్ని నిషేధించింది. ప్రమాదం ఎక్కడున్నదో పాలకులు సరిగానే గ్రహించారు.

జాషువా 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. అటువంటి కవి 1941 నాటి 'గబ్బిలం'లో కాశీ విశ్వేశ్వరునికి మొర పంపించడమేమిటి? గుడిలోకి అంటరానివానికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉన్నది. ఆ ఒక్క వాస్తవం చాలు, దేవుని పేరిట నడిచే వ్యవస్థను ముద్దాయిగా నిలబెట్టడానికి. ఇది మతప్రచారం కాదు, అభియోగపత్రం.

ఇక నాస్తిక పక్షం. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943) 'సూత పురాణం', 'శంబుక వధ'లతో పురాణాల ప్రామాణ్యాన్ని ధైర్యంగా ప్రశ్నించారు. ఆ ఋణం మనం మరువరాదు. అయితే నాకు తోచినంతలో, పురోహితుని పెత్తనాన్ని నిలదీసినంత తీవ్రంగా ఆయన భూస్వామి పెత్తనాన్ని నిలదీయలేదు.

మతంలో పీడితుని వేదన కూడా వ్యక్తమవుతుందని మార్క్స్ 1844లోనే గుర్తించాడు. జాషువా కుమార్తె హేమలత 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని వివాహమాడారు. స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడినవారి కోసం ఇద్దరూ కలిసి పనిచేశారు. ఆ రెండు ఇళ్ళ నడుమ విశ్వాసం అడ్డుగోడ కాలేదు.

కనుక విమర్శకుడు అడగవలసింది రచయితకు దేవుడున్నాడా అని కాదు. అతని దేవుడు గాని, అతని నాస్తికత గాని ఎవరి పక్షాన నిలిచిందని. తరగతి గదిలో మనం ఈ ప్రశ్న వేయకపోతే, రామదాసునూ జాషువానూ మన చేతులతో మనమే ఛాందసుల పరం చేసినవాళ్ళమవుతాము.