తప్పెవరిది? డబ్బెవరిది? - సైకిలు నుంచి కారు దాకా మోటారు బీమా కథ

మన డెల్టాలో రోడ్ల చరిత్ర కాలవ గట్ల మీద మొదలయింది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల కాలవలు వచ్చాయి. కాలవలు తవ్విన మట్టి గట్లయింది. ఆ గట్లే తర్వాతి తరాలకు బాటలయ్యాయి. ధాన్యం, కొబ్బరి పడవల మీద పోయేవి. మనుషులూ, ఎడ్లబండ్లూ గట్టు మీద నడిచేవి. ఆ బాట మీదికే సైకిలు వచ్చింది, బస్సు వచ్చింది, లారీ వచ్చింది, ఇప్పుడు వీధివీధికీ కార్లు వచ్చాయి. గట్టు మాత్రం చాలాచోట్ల పెద్దగా వెడల్పు కాలేదు. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క పల్లపు చేను. కారు అద్దం సైకిలు హ్యాండిలుకు తగలడం మన ప్రాంతంలో వింతేమీ కాదు.

తగిలిన మరుక్షణం పదిమంది చేరతారు. మొదటి ప్రశ్న "తప్పెవరిది?" రెండవది "డబ్బెవరిస్తారు?" ఈ రెండూ ఒకటే ప్రశ్న అని మనం చాలాకాలం అనుకున్నాం. చట్టమూ అలాగే అనుకుంది. వాటిని విడదీయడానికి నూరేళ్లకు పైగా పట్టింది. పెన్షనర్లలో కొందరం ఇంకా సైకిలు మీదే బ్యాంకుకు వెళ్తున్నాం, కొందరం పిల్లలు కొనిచ్చిన కారు నడుపుతున్నాం. అంటే ఈ తగాదాలో మనం రెండువైపులా ఉన్నాం. అందుకే ఈ చరిత్ర మన సభ్యుల ముందు పెడుతున్నాను.

సైకిలు రోజులు

సీమ నుంచి దిగుమతి అయిన సైకిళ్లు ఒకప్పుడు కలిగినవారి ఇళ్లలోనే ఉండేవి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ కంపెనీ స్థాపించి హెర్క్యులిస్ సైకిళ్లు ఇక్కడే తయారుచేయడం మొదలయ్యాక గుమాస్తాకూ, మాస్టారుకూ, పాలవాడికీ సైకిలు అందుబాటులోకి వచ్చింది. ఆ రోజుల్లో సైకిలుకూ పన్ను ఉండేది. పన్ను కట్టినట్టు ఇచ్చిన బిళ్ల సైకిలుకు తగిలించుకోవాలి. రాత్రిపూట దీపం లేకుండా తొక్కితే పోలీసువారు ఆపేవారు. కిరసనాయిలు దీపం ఆరిపోయిందని చెప్పి తప్పించుకోజూసినవాళ్లు మనలో ఎందరో!

సైకిలూ సైకిలూ గుద్దుకుంటే తగువు అక్కడే తీరేది. రిమ్ము వంగితే బెండు తీయించే ఖర్చు ఎవరిదో పెద్దమనిషి చెప్పేవాడు. పెద్ద దెబ్బ తగిలితే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లేవారు. కోర్టు మాటెత్తేవారు లేరు. మోటారు వచ్చాక లెక్క మారింది. దెబ్బ ఎప్పుడూ సైకిలువాడిదే, స్తోమత ఎప్పుడూ మోటారువాడిదే.

చట్టం వచ్చిన దారి

పూర్వపు ఆంగ్ల న్యాయం ప్రకారం మనిషి చచ్చిపోతే అతని దావా కూడా అతనితోనే పోయేది. ఇంగ్లండులో 1846లో దాన్ని మార్చారు. మన దేశంలో 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. చనిపోయినవాని భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు నష్టపరిహారం కోరవచ్చు. కాని సివిలు కోర్టులో దావా వేయాలి, స్టాంపు ఖర్చు పెట్టుకోవాలి, ఎదుటివాని తప్పును సాక్ష్యాలతో రుజువు చేయాలి. రెక్కాడితేగాని డొక్కాడనివాడికి ఇది జరిగే పని కాదు.

1914 మోటారు వాహనాల చట్టం బండి రిజిస్ట్రేషను, డ్రైవరు లైసెన్సు గురించి చెప్పింది. బీమా నిర్బంధం చేయలేదు. ఇంగ్లండు 1930లో తృతీయపక్ష బీమాను నిర్బంధం చేసింది. ఇక్కడ 1939 చట్టం 8వ అధ్యాయంలో ఆ నియమం చేరింది. అది అమలులోకి వచ్చినది మాత్రం యుద్ధం ముగిశాక, 1946 జులై 1న. ఆ యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయని మా పెద్దలు చెప్పగా విన్నాం.

"తృతీయపక్షం" అన్న మాట వివరంగా చెప్పాలి. మొదటి పక్షం బండి యజమాని, రెండవ పక్షం బీమా కంపెనీ. మూడవ పక్షం రోడ్డు మీద వెళ్లే మనిషి. ఆయన ప్రీమియం కట్టడు, పాలసీ చూడడు. అయినా ఆ పాలసీ ఉన్నది ఆయన కోసమే. కారు యజమాని "నా బీమా" అనుకొనే కాగితంలో చట్టం పట్టుబట్టి పెట్టించిన భాగం సైకిలువానిది.

1956 సవరణ ఇంకో మేలు చేసింది. ప్రమాదాల పరిహారానికి ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పాటు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. మన తూర్పుగోదావరికి కలెక్టరు కచేరీ కాకినాడలో ఉన్నా జిల్లా కోర్టు రాజమండ్రిలో ఉండేది. పశ్చిమగోదావరికి ఏలూరు. అమలాపురం వైపు లంకల నుంచి రావాలంటే రేవు దాటి, బస్సెక్కి వాయిదాకు చేరాలి. కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు వంతెన వచ్చినదే 1974లో. 1994 సవరణ తర్వాతనే బాధితుడు తాను నివసించే చోటి ట్రిబ్యునల్లో కూడా దరఖాస్తు పెట్టుకొనే వీలు కలిగింది.

బీమా కంపెనీల సంగతి

బీమా వ్యాపారం తెలుగువారికి కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ స్థాపించారు. 1956లో జీవిత బీమా జాతీయమయింది. సాధారణ బీమా కంపెనీలు 107 ఉండగా, 1973 జనవరి 1 నుంచి వాటన్నిటినీ నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగింటి కిందికి తెచ్చారు. 1999 చట్టం తర్వాత ప్రైవేటు కంపెనీలు మళ్లీ వచ్చాయి. కంపెనీ ఏదైనా, రోడ్డు మీది మూడవ మనిషికి చట్టం ఇచ్చిన హక్కు ఒకటే.

తప్పు లేకున్నా పరిహారం

బీమా నిర్బంధమయింది, ట్రిబ్యునలు వచ్చింది. అయినా తప్పు రుజువు కాకపోతే పైసా రాదు. రాత్రివేళ లారీ గుద్దిన సైకిలువాడు చనిపోతే సాక్షి ఎవరు? 1970 దశకం మధ్యలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పులో, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా పరిహారం రావచ్చునన్న అభిప్రాయం చెప్పింది. 1977లో సుప్రీంకోర్టు దానితో ఏకీభవించలేదు. నిర్లక్ష్యం రుజువైతేనే యజమానికి గాని, బీమా కంపెనీకి గాని బాధ్యత అని తేల్చింది. అయితే మన హైకోర్టు అన్నమాట వృథా పోలేదు. 1982 సవరణ ఆ మార్గంలోనే నడిచింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి, తప్పు ఎవరిదైనా సరే, మరణానికి రూ.15,000, శాశ్వత అంగవైకల్యానికి రూ.7,500 ఇవ్వాలన్నారు. 1988 చట్టం వాటిని రూ.25,000, రూ.12,000 చేసింది. 1994లో అవి రూ.50,000, రూ.25,000 అయ్యాయి. 2019 సవరణ ఆ పద్ధతి మార్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు అని నిర్ణయించింది. ఈ మొత్తం పుచ్చుకుంటే ఎక్కువ పరిహారం కోరుతూ వేసిన దరఖాస్తు రద్దవుతుంది. కనుక ఏ దారి మేలో వకీలును అడిగి నిర్ణయించుకోవాలి.

గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే ఇచ్చే పరిహారం వేరు. 1982లో మరణానికి రూ.5,000, 1988 చట్టంలో రూ.8,500, 1994లో రూ.25,000, 2022 ఏప్రిల్ నుంచి 2 లక్షలు. ఈ దరఖాస్తుల విచారణ రెవెన్యూ శాఖది. కాబట్టి ఇటువంటి ఫైళ్లు గుమాస్తాగా నా చేతి మీదుగా నడిచాయి. 1990 దశకం మొదట్లో ఒక ముసలమ్మ వచ్చింది. తెల్లవారుజామున కూరగాయల గంపతో సైకిలు మీద వెళ్తున్న ఆమె కొడుకును ఏదో లారీ కొట్టేసి పోయింది. ఎఫ్.ఐ.ఆర్. నకలు, శవపరీక్ష నివేదిక అన్నీ జతచేసి పంపాం, 8,500 మంజూరయింది. సంతకం బదులు వేలిముద్ర వేస్తూ ఆమె అడిగింది: "బాబూ, ఈ డబ్బు పుచ్చుకుంటే మావాడిదే తప్పని ఒప్పుకున్నట్టు కాదు కదండీ?" కాదమ్మా, తప్పుతో దీనికి పని లేదు అని చెప్పాను. ఆమెకు ఆ మాట డబ్బు కంటే ముఖ్యమని ఆమె ముఖం చూస్తే తెలిసింది. సెక్షన్లలో రాసినది మనిషికి ఎలా అందుతుందో నాకు ఆ రోజు అర్థమయింది.

చిన్న దెబ్బకే చిక్కు ఎక్కువ

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. మరణానికీ, తీవ్రగాయానికీ తప్పు నిరూపించనక్కరలేదు. మోకాలు గీరుకుపోయినా, చక్రం వంగినా మాత్రం తప్పు ఎవరిదన్న పాత ప్రశ్న ఈనాటికీ ఉంది. అందుకే చిన్న ప్రమాదాలలో భయం ఎక్కువ.

మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారి అబ్బాయి కారు కాలవ గట్టు మీద సైకిలుకు తగిలింది. సైకిలాయన కొబ్బరికాయల బస్తాతో పక్కకు ఒరిగాడు. రిమ్ము వంగింది, కాలు నొప్పి అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు రెండు వేలు ఇప్పించి పంపేశారు. వారం తిరిగేసరికి కాలు వాచింది, ఎముక చిట్లిందని తేలింది. అప్పుడు ఇద్దరికీ బెంగ. ఆయనకు వైద్యం ఖర్చు ఎలాగని. మాస్టారికి బీమా కంపెనీకి ఇన్ని రోజులు చెప్పలేదే అని. కంపెనీ ఆలస్యానికి రాతపూర్వక సంజాయిషీ అడిగింది. వ్యవహారం నెలల తరబడి సాగింది. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరినీ ఇబ్బంది పెట్టింది తెలియకపోవడమే.

అందుచేత మన సభ్యులు, వారి పిల్లలు గుర్తుంచుకోవలసినవి కొన్ని రాస్తున్నాను.

ఒకటి. ముందు మనిషి, తర్వాత బండి. గాయపడినవారికి వైద్యం అందించడం డ్రైవరుకు చట్టం పెట్టిన విధి. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సర్వీసు ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లిన దారినపోయేవారిని వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు రక్షణ కల్పించింది, 2019 సవరణ దాన్ని చట్టంలో చేర్చింది. 2025 మే నెలలో వచ్చిన పథకం ప్రకారం క్షతగాత్రుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి.

రెండు. గాయం ఉంటే 24 గంటలలోగా పోలీసుస్టేషనులో చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. కంపెనీ సమ్మతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గాని, ఇంత ఇస్తామని మాట ఇవ్వడం గాని చేయరాదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. వైద్యం చేయించడం మాత్రం మానవధర్మం. రోడ్డు మీద ఇచ్చిన డబ్బుతో సైకిలువాని హక్కు తీరిపోయినట్టు కూడా కాదు.

మూడు. "కంపెనీకి చెబితే బోనసు పోతుంది" అని చాలామంది దాచిపెడతారు. నో క్లెయిం బోనసు సొంత కారు రిపేరు క్లెయిముకు సంబంధించినది. సైకిలువానికి పరిహారం ఇప్పించినందుకు అది పోదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే కారు తలుపు సొట్ట ఖర్చు మనదే. సైకిలుకు నిర్బంధ బీమా లేదు. అతని తప్పే అయినా కూలిమనిషి దగ్గర తలుపు ఖరీదు రాబట్టుకుందామనుకోవడం నీళ్లు చిలికి వెన్న కోరడమే.

నాలుగు. పెన్షనర్లకు ముఖ్యమైనది లైసెన్సు. 55 ఏళ్లు దాటినవారికి అయిదేళ్లకొకసారి రెన్యూవలు. గడువు దాటిన లైసెన్సుతో నడిపి ప్రమాదం జరిగితే, కంపెనీ బాధితుడికి డబ్బు కట్టినా, షరతు ఉల్లంఘన కింద యజమాని నుంచి రాబట్టుకొనే అవకాశం ఉంది. పెన్షను పత్రాలతోపాటు లైసెన్సు, పాలసీ తేదీలు కూడా డైరీలో రాసుకోవాలి.

అయిదు. సైకిలు తొక్కే సోదరులు కారు నంబరు, చూసినవారి పేర్లు రాసుకోవాలి, ఆస్పత్రి చీటీలు దాచుకోవాలి. ట్రిబ్యునలుకు వెళ్లవలసివస్తే ఆరు నెలలు దాటనీయరాదు. 1994లో తీసేసిన ఆ గడువును 2019 సవరణ మళ్లీ పెట్టింది. చీకటిపడ్డాక వెనక మడ్‌గార్డుకు ఎర్ర బిళ్ల, ముందు దీపం ఉండాలి. బిళ్ల పన్ను పోయినా దీపం అవసరం పోలేదు.

2022 ఏప్రిల్ 4న మన రెండు జిల్లాలు కొత్త జిల్లాలుగా విడిపోయాయి. కచేరీలు మారాయి, ఫారాలు మారాయి. పల్లెల నుంచి వచ్చేవారికి ఏ బల్ల దగ్గరకు వెళ్లాలో తెలియడం లేదు. ముప్పైయేళ్లు ఆ బల్లల వెనక కూర్చున్న మనకు దరఖాస్తు రాయడం వచ్చు, నకలు అడగడం వచ్చు. మన వీధిలో ఎవరికైనా ఇటువంటి ఆపద వస్తే, తప్పెవరిదని తీర్పు చెప్పే పని కోర్టుకు వదిలి, ఒక కాగితం, ఒక కలం పట్టుకొని వారి పక్కన కూర్చుందాం. విశ్రాంత ఉద్యోగి చేయగల సేవల్లో ఇది చిన్నదేమీ కాదు.