ముంగిసను చంపిందెవరు?

ముంగిస కథ తెలియని ఇల్లు మన వైపు ఉండదేమో. ఉయ్యాల్లో పసిబిడ్డ, ఇంట్లో పెంచుకుంటున్న ముంగిస, నీళ్ళకు వెళ్ళిన తల్లి. పాము వస్తుంది, ముంగిస దాన్ని ముక్కలు చేస్తుంది. నెత్తుటి మూతితో గుమ్మంలో ఎదురొచ్చిన ముంగిసను చూసి, బిడ్డను చంపేసిందనుకుని తల్లి నీళ్ళ బిందె దాని మీద పడేస్తుంది. లోపలికి వెళ్ళి చూస్తే బిడ్డ హాయిగా ఆడుకుంటూ ఉంటాడు. మా రాజమహేంద్రవరంలో చెప్పేటప్పుడు ఆ తల్లి గోదావరి రేవుకే వెళ్తుంది. కథయ్యాక పెద్దవాళ్ళు ఆడపిల్లల వైపు తిరిగి, "చూశారా, తొందరపడితే ఏమవుతుందో" అంటారు. మగపిల్లల వైపు తిరగడం నేను చూడలేదు.

ఈ కథ మొదట రాసిందెవరు, అప్పుడూ చంపింది తల్లేనా అని నాకు సందేహం వచ్చింది. పిల్లల పుస్తకాల మీద 'పంచతంత్రం, విష్ణుశర్మ' అని ఉంటుంది కదా, అక్కడి నుంచే మొదలుపెట్టాను. ముగ్గురు మొద్దు రాకుమారులకు ఆరు నెలల్లో లోకజ్ఞానం నేర్పిన పండితుడు విష్ణుశర్మ. అయితే ఆయన గురించి మనకు తెలిసిందంతా ఆ పుస్తకం మొదట్లో ఉన్న కథే. అంటే రచయిత కూడా కథలో ఒక పాత్రలాగే మిగిలాడు.

పంచతంత్రంలో ఐదో తంత్రం పేరు అపరీక్షితకారకం. ముందూ వెనుకా చూడకుండా చేసే పనుల గురించి. మన ముంగిస అందులో ఉంది. 1199లో పూర్ణభద్రుడనే జైన ముని తిరగరాసిన పంచతంత్రంలో ఈ కథ చదివితే నాకు ఆశ్చర్యం వేసింది. అందులోనూ ముంగిసను చంపింది తల్లే. కానీ ఆమె నీళ్ళకు వెళ్తూ, ముంగిస వల్ల బిడ్డకు ప్రమాదం రాకుండా చూడమని భర్తకు అప్పజెప్పి మరీ వెళ్తుంది. ఆయన బిడ్డను వదిలేసి భిక్షకు పోతాడు. తిరిగొచ్చాక ఆమె ఊరుకోదు. నీ ఆశ వల్లే, నా మాట వినకపోవడం వల్లే ఇంత జరిగిందని ముఖం మీదే అడుగుతుంది. ఆ తర్వాత వచ్చే కథ కూడా అత్యాశ గురించే.

పంచతంత్రం ఆధారంగా నారాయణ పండితుడు హితోపదేశం రాశాడు. అందులో ముంగిస కథ సంధి భాగంలో వస్తుంది. అక్కడ భార్య స్నానానికి వెళ్తుంది. రాజుగారింటి నుంచి పిలుపొస్తే, ఆలస్యం చేస్తే సంభావన ఇంకొకరు పట్టుకుపోతారని భర్త బిడ్డను ముంగిసకు వదిలేసి పరుగెత్తుతాడు. తిరిగొచ్చి ముంగిసను చంపింది కూడా ఆయనే. భార్య ఆ సమయానికి అక్కడ లేనే లేదు!

ఈ కథలు మన దేశంలోనే ఆగలేదు. ఆరో శతాబ్దంలో పర్షియా రాజు అనూషిర్వాన్ కొలువులోని వైద్యుడు బుర్జోయ్ పంచతంత్రాన్ని పహ్లవీ భాషలోకి తీసుకెళ్ళాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని అరబ్బీలో 'కలీలా వ దిమ్నా'గా రాశాడు. ఆ రెండు పేర్లూ మన కరటక దమనకులవే. అక్కణ్ణుంచి యూరప్ భాషల్లోకి వెళ్ళాయి. ఫ్రెంచి కవి లా ఫొంతేన్ 1678లో వేసిన తన నీతికథల సంపుటంలో, వీటిలో చాలావాటికి పిల్పే అనే భారతీయ జ్ఞానికి రుణపడ్డానని ఒప్పుకున్నాడు.

ముంగిస లేని చోట కథ కుక్కను తెచ్చుకుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో బెడ్‌గెలర్ట్ అనే ఊళ్ళో గెలర్ట్ అనే కుక్క సమాధి చూపిస్తారు. అక్కడ పాము బదులు తోడేలు, తల్లి బదులు లెవెలిన్ అనే రాజు. ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గర పల్లె తల్లులు పదమూడో శతాబ్దంలో గిన్‌ఫోర్ అనే వేటకుక్కను దేవుడిలా కొలిచి, జబ్బుపడ్డ పసిబిడ్డల్ని దాని సమాధి దగ్గరికి తీసుకెళ్ళేవారు. మతాధికారి ఒకాయన వచ్చి ఆ మొక్కులు మాన్పించాలని చూశాడు. ఆ కుక్కను చంపింది కూడా ఇంటి యజమానే. ఇన్ని ఊళ్ళలో తండ్రి చేసిన తప్పు, మన ఇళ్ళలో మాత్రం తల్లి ఒక్కదాని మీదే మిగిలింది. భర్త ఊసే లేదు.

మన తెలుగులో ఈ కథలు వచనంగా బడికి వచ్చింది పరవస్తు చిన్నయసూరి గారి 'నీతిచంద్రిక'తో, 1853లో. ఆయన మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే రాశారు. మిగిలిన సంధి, విగ్రహం మా ఊరి కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాశారు. ఆయనే 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు, 1883లో ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' పత్రిక నడిపారు. అంతవరకూ కథ చెప్పడమే తెలిసిన ఆడవాళ్ళు, పుస్తకంలో తమ కథ ఎలా ఉందో తామే చదువుకునే దారి అలా పడింది. ఈ రోజు నేను పూర్ణభద్రుడి కథనూ నారాయణుడి కథనూ పక్కపక్కన పెట్టి చూడగలిగానంటే ఆ దారి వల్లే.

తర్వాత మధిర సుబ్బన్న దీక్షితులు గారు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు రాశారు. కాశీకి నడిచి వెళ్ళే మణిసిద్ధుడికి తోడుగా వచ్చిన గొల్లపిల్లవాడు, మజిలీ మజిలీకి ఓ కథ చెప్పాలని షరతు పెడతాడు. నడక అలుపు తెలియకుండా ఉండడానికి కథ! వంటింట్లో పిల్లలకు అన్నం తినిపిస్తూ మనం చేసే పనీ అదే.

వీటన్నిటికీ అట్టమీద పేర్లున్నాయి. ఏడు చేపల కథకు ఏ పేరూ లేదు. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో కథల పుస్తకం మొదటి భాగం వేశారు. వాళ్ళకు కథలు చెప్పినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. అందులో డొరొతియా వీమన్ ఒక దర్జీ భార్య, కూరగాయలు అమ్ముకునే మనిషి. ఆమె గురించి వాళ్ళు ముందుమాటలో రాశారు, తర్వాతి ముద్రణలో బొమ్మ కూడా వేశారు కాబట్టి ఆమె మనకు తెలిసింది. మన మామ్మల పేర్లు అలా ఎవరూ వేయలేదు.

ఇదంతా చదివాక మా అత్తయ్యగారిని ముంగిస కథ చెప్పమన్నాను. ఆవిడ ఐదో తరగతితో ఆపేశారు. సంస్కృతం రాదు. ఈ మధ్య మతిమరుపు ఎక్కువై, చాలా కథలు సగంలో ఆగిపోతున్నాయి. ఇది మాత్రం చివరిదాకా చెప్పారు. "అది ఊరికే వెళ్ళలేదే. బిడ్డను చూస్తూ ఉండండి అని మొగుడికి చెప్పే బిందె చంకనెత్తుకుంది. ఆయన అరుగు మీద చతుర్ముఖ పారాయణంలో ఉన్నాడు, ఊఁ అన్నాడు" అన్నారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పుస్తకంలో ఉన్న భర్త, మా ఇంటి అరుగు మీద పేకాడుతూ కనిపించాడు! పుస్తకంలోంచి ఆవిడ దాకా ఏ నోళ్ళ మీదుగా వచ్చాడో, లేక ఏ ఇల్లాలైనా తన ఇల్లు చూసి కల్పించుకుందో, చెప్పేవాళ్ళెవరూ లేరు.

ఆ రాత్రే ఆవిడ చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసి, కింద ఆవిడ పేరు, పుట్టిన ఊరు, తేదీ వేశాను. మీ ఇళ్ళలోనూ ఒకసారి అడిగి చూడండి. మీ అమ్మమ్మో మామ్మో చెప్పే కథలో ఆ తల్లి నీళ్ళకు వెళ్ళినప్పుడు తండ్రి ఎక్కడున్నాడు? ఏం చెప్పారో రాసుకోండి. రాసినవాళ్ళ పేరు కాదు, చెప్పినవాళ్ళ పేరు వేయండి.