తిత్తిలోని ద్రవము

మెదడు అడుగున, కంటి నరములు కలిసికొను చోటికి దగ్గరగా, బఠాణీ గింజంత పీయూష గ్రంథి కలదు. పిండదశలో నోటి పైకప్పు నుండి పైకి సాగిన కణజాలమే దాని ముందుభాగమగును. ఆ దారిలో మిగిలిపోయిన కణముల నుండి ఒక్కొక్కప్పుడు కణితి పుట్టునని 1904లో వియన్నా నగరమున యాకోబ్ ఎర్డ్‌హైమ్ వివరించెను. క్రేనియోఫారింజియోమా అను పేరును 1932లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ వాడుకలోనికి తెచ్చెను.

ఈ కణితి సాధారణముగా ఇతర అవయవములకు పాకదు. అయినను పిల్లలలో ఇది తరచు ద్రవము నిండిన తిత్తిగా ఉబ్బి, కంటి నరములను నొక్కి చూపును హరించును, ఎదుగుదలను ఆపును. ఆ ద్రవము వాడిన ఇంజను నూనెవలె నుండును. అందు కొలెస్టరాల్ స్ఫటికములు తళతళలాడును. శస్త్రచికిత్సలో అది చిందినచో మెదడు పొరలు వాచును. సూదితో తోడివేసినను తిత్తి మరల నిండుట కద్దు. ఇంతటి కీడు చేయునది అందేమున్నది?

రోమ్ నగర పరిశోధకులు పిల్లల తిత్తుల ద్రవమును ద్రవ్యరాశిమాపకముతో పరీక్షించి 2010లో ఫలితములు ప్రకటించిరి. ఈ పరికరము అణువులకు విద్యుదావేశమిచ్చి వాటి బరువును తేల్చును. అందు పట్టుబడిన మూడు చిన్న మాంసకృత్తుల బరువులు సుమారు 3442, 3371, 3486 డాల్టనులు. తీసివేత చేసి చూడుడు. మొదటి రెండింటి భేదము 71. అది గొలుసులో ఇమిడిన ఎలనీన్ బరువు. కడపటి రెండింటి భేదము 115. అది ఆస్పార్టిక్ ఆమ్లముది. మూడింటను 29 పూసలు సమానమే. మొదట చేరిన పూస ఒకదానికి ఎలనీన్, ఒకదానికి ఆస్పార్టిక్ ఆమ్లము. మిగిలినదానికి ఆ పూసయే లేదు.

ఇవి ఆల్ఫా డిఫెన్సిన్లు. 1985లో లాస్ ఏంజెలిస్ శాస్త్రజ్ఞులు గాంజ్, సెల్‌స్టెడ్, లేరర్ ప్రభృతులు తెల్ల రక్తకణములలో కనుగొని ఆ పేరు పెట్టిరి. బాక్టీరియాల పొరను తూట్లు పొడుచుట వీని పని. మితిమీరినచో సొంత కణములకును హాని చేయును. కంచె చేను మేసినట్లే. తిత్తిలోనికి ఇంటర్‌ఫెరాన్ ఎక్కించినపుడు డిఫెన్సిన్ల పరిమాణము తగ్గుటయు రోమ్ పరిశోధకులు గమనించిరి. ఇవియే తిత్తిని పెంచునా, లేక వాపునకు ఆనవాళ్లు మాత్రమేనా అనునది ఇంతమాత్రమున తేలదు.

పిమ్మట ద్రవములో వాపును రేపు ఇంటర్‌ల్యూకిన్-6 కూడ హెచ్చుగా కనబడెను. కీళ్లవాతమునకు వాడు టోసిలిజుమాబ్ దాని పనిని అడ్డగించును. కొలరాడో వైద్యులు ఆ మందును ఇద్దరు రోగుల కిచ్చి, తిత్తులు లొంగినవని 2019లో తెలిపిరి. రోగులు ఇద్దరే, మందు పట్టుకొన్న గురి మాత్రము ఆ నూనెరంగు ద్రవములోనే దొరికినది.