దెందులూరు రాళ్ళు, మన లఫ్జులు

గోల్కొండ గురించో, చార్మినార్ గురించో రాస్తే మన వాళ్ళు ఎంతో షౌక్‌గా చదువుతారు. దెందులూరు గురించి రాస్తానంటే మాత్రం "అక్కడేముంది భాయ్, ఎక్స్‌ప్రెస్ రైలు కూడా ఆగదు" అంటారు. తారీఖ్ అంటే తఖ్తులు, తాజులే అనుకోవడం మనకు అలవాటైపోయింది. గాఁవ్‌లకు కూడా తారీఖ్ ఉంటుంది. దాన్ని మనం రాయకపోతే ఇంకొకళ్ళు తమకు నచ్చినట్టు రాసిపెడతారు. ఈ గాఁవ్ విషయంలో ఆ ఫికర్ నాకు కాస్త ఎక్కువే.

ముందు జుగ్రాఫియా చూద్దాం. బెజవాడ నుంచి రాజమండ్రి వైపు రైల్లో వెళ్తుంటే ఏలూరు, పవర్‌పేట దాటాక దెందులూరు వస్తుంది, ఆ తర్వాత భీమడోలు, పూళ్ళ, ఇంకా ముందుకెళ్తే తాడేపల్లిగూడెం. ఉత్తరాన మెట్ట: పెదవేగి వైపు ఎర్రనేల, పామాయిల్, నిమ్మ తోటలు. దక్షిణాన పల్లం: కాలువలు, వరి చేలు, చేపల చెరువులు, చివరికి కొల్లేరు. రెండు నేలలు కలిసే హద్దు మీద ఈ బస్తీ ఉంది. 1925 నుంచి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది.

పేరు చాలా పాతది. ఆరో శతాబ్దంలో విష్ణుకుండి రాజు రెండో విక్రమేంద్రవర్మ ఇచ్చిన చిక్కుళ్ళ తామ్రశాసనం 'లెందులూర' నుంచి జారీ అయింది. ఆ లెందులూర మన దెందులూరేనని శాసనాలు చదివిన ఆలిములు తేల్చారు. అంటే దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ కింద ఇక్కడ కూర్చుని ఒక బాద్షా ఫర్మానా రాయించాడన్నమాట. అంతకు ముందే పక్కనున్న వేంగి శాలంకాయనుల దారుల్‌హుకూమత్. 624 ప్రాంతంలో కుబ్జ విష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యుల సిల్సిలా మొదలైంది. అతని అన్న రెండో పులకేశి 634 నాటి ఐహోళె శాసనంలో కునాల సరస్సు దగ్గర జరిగిన జంగ్ ప్రస్తావన ఉంది. ఆ కునాల మన కొల్లేరే. పదకొండో శతాబ్దం నాటికి రాజధాని రాజమహేంద్రవరానికి తరలిపోయింది. వేంగి మెల్లగా వీరానా అయింది, దిబ్బలు మిగిలాయి. దెందులూరులో భీమలింగం దిబ్బ అనే పేరు నేటికీ ఉంది.

ఇక నాజూకైన మాట దగ్గరికి వద్దాం. అంగ్రేజుల కాలపు ఇంపీరియల్ గెజిటీర్‌లో ఏలూరు గురించి రాస్తూ, పెదవేగి, దెందులూరుల్లో పెద్ద శిథిలాలున్నాయని, ఏలూరు ఖిల్లా కట్టడానికి ముసల్మానులు అక్కడి నుంచే రాళ్ళు తెచ్చుకున్నారని చెబుతారని ఒక ముక్క ఉంది. ఈ ముక్కను పట్టుకుని ఎవరైనా రేపు మన బచ్చాను "మీ వాళ్ళు మా ఊరు కూల్చారట కదా" అని అడిగితే ఆ బచ్చా ఏం జవాబు చెప్పాలి? కోప్పడాలా, తల దించుకోవాలా?

రెండూ వద్దు. ముందు ముక్కను సరిగ్గా చదవాలి. 'చెబుతారు' అనే రాశారు తప్ప 'చూశాం' అని రాయలేదు. తర్వాత సాల్‌లు లెక్కపెట్టాలి. ఈ ఇలాఖా గజపతుల చేతుల్లోంచి కుతుబ్ షాహీల చేతికి వచ్చింది పదహారో శతాబ్దంలో. అప్పటికి వేంగి రాజధాని హోదా పోయి సుమారు ఐదు వందల ఏళ్ళు. రాళ్ళు తెచ్చుకుని ఉంటే తెచ్చింది నడుస్తున్న షహర్ నుంచి కాదు, ఎప్పుడో పడిపోయిన ఖండహర్ నుంచి. పాడుబడిన ఊరి రాయి, ఇటుక చుట్టుపక్కల వాళ్ళ గోడల్లోకి చేరడం దునియా అంతటా జరిగిందే. అలాగని 'మన వాళ్ళు అసలు ముట్టుకోనే లేదు' అని కసమ్ తినే హక్కు కూడా మనకు లేదు. తెచ్చి ఉంటే తెచ్చారు. తారీఖ్‌లో వకాలత్ కన్నా గవాహీ ముఖ్యం. వేంగి దిబ్బలు మన గాఁవ్‌వి, కాబట్టి ఆ విరాసత్‌లో మనకూ హిస్సా ఉంది. వాటిని కాపాడుకునే జిమ్మేదారీ కూడా ఉంది.

సుల్తానత్ ఇక్కడ వదిలిన అసలు నిషానీ రాళ్ళలో లేదు, జుబాన్‌లో ఉంది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ అనే కొండపల్లి, ముర్తుజానగర్ అనే గుంటూరు: ఈ ఐదూ సర్కారులు. కోస్తాకు 'సర్కారు జిల్లాలు' అనే పేరు ఇందులోంచే వచ్చింది. సర్కార్ ఎక్స్‌ప్రెస్ పేరు కూడా అదే. ఇక పొలంలోకి రండి. ఏ మజ్హబ్ వాడైనా దెందులూరు ఆసామి రోజూ వాడే లఫ్జులు చూడండి: జిల్లా, తాలూకా, తహసీల్దారు, హద్దు, ఇనాము, దస్తావేజు, రసీదు, నకలు, ఖరీఫు, రబీ. రెవిన్యూ లెక్కల్లో 'ఫసలీ' అన్న సాల్ అక్బర్ బాద్షా జమానా నుంచి వస్తున్నది. 'రైతు' అన్నమాట 'రయ్యత్' నుంచి వచ్చింది. 'కౌలు' అంటే ఖౌల్, ఇచ్చిన మాట. ఖవ్వాలీ అన్న పేరు కూడా ఆ ఖౌల్ నుంచి పుట్టిందే. భూమి నీది, చాకిరీ నాది, మధ్యలో ఉన్నది ఇద్దరి ఖౌల్. తెలుగు ఆ లఫ్జును ఎంతగా తనలో కలుపుకుందంటే, 'కౌలు రైతు' అన్నప్పుడు రెండూ బయట నుంచి వచ్చినవేనని ఎవరికీ గుర్తుండదు. ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఈ రెండు జుబాన్‌లూ ఒకే ఇంటి రెండు గదుల్లా కనిపించడానికి సబబు ఇదే.

ఈ గాఁవ్‌కు దరియా అవతల కూడా రిష్తాలున్నాయి. గోల్కొండ వాళ్ళ పెద్ద బందరు మచిలీపట్నం. గోదావరి మొగ దగ్గర నరసాపురంలో జహాజులు కట్టేవారు. తెలుగు సాలెల బట్ట ఆ జహాజుల్లో సుమత్రా ఉత్తర కొసనున్న ఆచేకు పోయేది, అక్కడి మిరియాలు, తగరం ఇటు వచ్చేవి. సుల్తాన్ ఇస్కందర్ ముదా (1607-1636) కాలంలో ఆచే మహా రౌనఖ్‌గా వెలిగింది. హజ్‌కు పోయేవాళ్ళ ఆఖరి మజిల్ కావడంతో ఆ ముల్క్‌ను 'మక్కా వసారా' అన్నారు. మచిలీపట్నం నుంచి కూడా గోల్కొండ జహాజులు హాజీలను తీసుకుపోయేవి. ఆచే గాఁవ్‌లో వరి పండించే ముసల్మాను, కొల్లేరు గట్టున వరి పండించే ముసల్మాను ఒకే సముద్రానికి రెండు ఒడ్డుల వాళ్ళు. 2004 డిసెంబరు 26న ఆచేను ముంచిన సునామీ కృష్ణా, గోదావరి తీరాన్ని కూడా తాకింది.

ఏలూరు తివాచీల సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ హునర్ ఫార్స్ నుంచి వచ్చిన కారీగర్లతో ఇక్కడ మొదలైందని రివాయత్. ఏలూరు ఉన్ని తివాచీలు విలాయత్ దాకా వెళ్ళాయి, మన ఖాందాన్‌లు ఎన్నో ఆ మగ్గం మీద బతికాయి.

తర్వాత హుకూమత్ చేతులు మారింది. 1687లో గోల్కొండ మొఘలులది అయింది. 1753లో సలాబత్ జంగ్ ఏలూరుతో సహా నాలుగు సర్కారులను ఫ్రెంచి బుస్సీకి ఇచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాం అలీ ఖాన్ అహద్‌నామా: ఇవి కంపెనీకి సర్కారులను ఖాయం చేశాయి. దెందులూరు రైతుకు మాత్రం అసలు మార్పు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే వచ్చింది. ఏలూరు కాలువలో నీళ్ళు, నీళ్ళ మీద పడవలు వచ్చాయి. 1893 నుంచి 1896 మధ్య బెజవాడ-కటక్ రైలు దారి పడింది.

నేటి ఫికర్ కొల్లేరుది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్ళు అందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తవ్వేశారు. సరస్సు బతకాలన్నదీ నిజమే, దాని మీద బతికే గరీబు ఇంట్లో చూల్హా వెలగాలన్నదీ నిజమే. రెండిట్లో ఒకటే వినేవాడు ఇన్సాఫ్ చేయలేడు.

చివరగా మీకొక గుజారిష్. మన ఘరానాల సందూకుల్లో ఇంకా పాత కాగితాలున్నాయి: ఇనాము సనదులు, నికాహ్‌నామాలు, జమీన్ దస్తావేజులు, కొన్ని ఫార్సీలో, కొన్ని ఉర్దూలో. చదవగలిగిన బుజుర్గులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కొత్త నస్ల్‌కు ఆ లిపి రాదు, చెదలకు అలాంటి అడ్డమేమీ లేదు. ఈ ఇత్వార్ ఆ సందూకు తెరవండి. ప్రతి కాగితానికీ ఫోటో తీయండి. ఖబరస్తాన్‌లో అక్షరాలు మిగిలిన రాళ్ళను కూడా వదలకండి. నానీనో దాదానో పక్కన కూర్చోబెట్టి చదివించి, అర్థం తెలుగులో రాసుకోండి. వేంగి రాళ్ళు ఎవరు ఎత్తుకెళ్ళారో గెజిటీర్లు మాట్లాడాయి. మన సందూకుల్లో ఏముందో మనమే చెప్పాలి.