ఉత్తరాల గిడ్డంగికి తాళం వేసిన రాత్రులు

బస్తర్ ప్రాంతంలోని ఉసూర్ పేరు మీలో కొందరు విని ఉంటారు. తెలంగాణ సరిహద్దుకు చేరువలో, 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో ఉన్న ఊరు అది. అక్కడి నుంచి ఒక విద్యార్థి ఈమెయిల్‌లో దరఖాస్తు పంపాడనుకోండి. సరిగ్గా అప్పుడే అవతలి కార్యాలయంలో ఉత్తరాలు దాచే డేటాబేస్‌ను నిర్వహణ కోసం మూసి ఉంచారు. ఆ దరఖాస్తు ఏమవుతుంది?

మామూలుగా అయితే ఎక్కడికీ పోదు. ఈమెయిల్ రవాణాకు 1982లో రూపొందిన ఎస్‌ఎంటీపీ పద్ధతిలో, అవతలి సర్వర్ పలకకపోతే పంపే సర్వర్ ఉత్తరాన్ని తన దగ్గరే నిలిపి ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ఓపిక పట్టాలని 1989 నాటి ప్రమాణం చెప్పింది. అయితే గడువు ఆ రాత్రితోనే ముగిసేదైతే, ఉత్తరం భద్రంగా ఉండి కూడా ప్రయోజనం లేదు. అందుకే సర్వర్‌ను ఎప్పుడు మూయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

అసలు మూయడం ఎందుకు? మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా అందింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వర్ మొదటిసారి విడుదలైంది. దాని 1997 నాటి 5.5 స్టాండర్డ్ రకంలో ఉత్తరాల డేటాబేస్ 16 గిగాబైట్లు దాటడానికి వీలు లేదు. దాటితే డేటాబేస్ ఆగిపోయేది, కార్యాలయం మొత్తానికి మెయిల్ నిలిచిపోయేది. పోనీ ఉత్తరాలు తుడిచేద్దామా అంటే, తుడిచినంత మాత్రాన ఫైలు చిన్నది కాదు. ధాన్యం తీసేసినా గాదె గాదెలాగే ఉన్నట్లు, లోపల ఖాళీ ఏర్పడుతుంది, అంతే.

ఫైలునే కుదించాలంటే ‘ఈఎస్‌ఈయుటిల్’ అనే ఉపకరణంతో ఆఫ్‌లైన్ డీఫ్రాగ్మెంటేషన్ చేయాలి. అది పాత ఫైలులోని సరుకును కొత్త ఫైలులోకి ఎత్తి పోస్తుంది. అంతసేపూ ఎవరూ తమ ఉత్తరాలు తెరవలేరు.

ఇక లెక్క చూడండి. ప్రతి రాత్రీ జరిగే ఆన్‌లైన్ నిర్వహణ ముగిశాక, లోపల ఎంత ఖాళీ ఉందో 1221 సంఖ్య గల నమోదులో సర్వర్ రాసేది. 16 గిగాబైట్ల ఫైలులో 5 ఖాళీ అనుకుంటే, కొత్త ఫైలు సుమారు 11 అవుతుంది. దానికి 110 శాతం, అంటే 12 గిగాబైట్లకు పైగా డిస్కులో చోటు ఉండాలి. మీ యంత్రం గంటకు 4 గిగాబైట్లు మోయగలదని ముందే పరీక్షించి చూస్తే, దాదాపు మూడు గంటల పని. దానికి ముందు పూర్తి బ్యాకప్, తర్వాత మరో పూర్తి బ్యాకప్. రెండోది చాలామంది మరచిపోయేవారు. పాత లాగ్ ఫైళ్లు కొత్త డేటాబేస్‌కు అతకవు కాబట్టి, అది లేకపోతే మర్నాడు డిస్కు చెడినప్పుడు ఆ రోజు ఉత్తరాలు తిరిగి రావు. ఇవన్నీ కలిపితే ఒక రాత్రి పూర్తిగా కావాలి. సమాచారం కూడా ముందే పంపాలి. కార్యాలయం గోడకు అంటించిన నోటీసు ఉసూర్‌లో ఉన్నవారికి కనిపించదు కదా!

కొందరు దీన్ని ఏటా ఇంటికి సున్నం వేసినట్లు ఆనవాయితీగా చేసేవారు. అది అనవసరమని నా అభిప్రాయం. లోపలి ఖాళీని సర్వర్ కొత్త ఉత్తరాలకు తానే వాడుకుంటుంది. పరిమితి ముంచుకొచ్చినప్పుడో, ఖాళీ మరీ ఎక్కువై డిస్కు కరవైనప్పుడో మాత్రమే ఆ శ్రమకు అర్థం ఉంది.

తర్వాత పరిమితే కదిలింది. 2005లో ఎక్స్చేంజ్ 2003కు వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో హద్దు 75 గిగాబైట్లకు పెరిగింది. అంతకన్నా పెద్ద మార్పు 2009 చివరలో విడుదలైన ఎక్స్చేంజ్ 2010తో వచ్చింది. ఒక డేటాబేస్‌కు వేర్వేరు సర్వర్లలో 16 వరకు ప్రతులు ఉంచవచ్చు. ఒకటి ఆగితే మరొకటి అందుకుంటుంది. ఫైలు ఉబ్బితే పక్కన కొత్త డేటాబేస్ తెరిచి, మెయిల్‌బాక్సులను ఒక్కొక్కటిగా అందులోకి తరలిస్తారు. తరలింపు సాగుతుండగానే వినియోగదారు ఉత్తరాలు చదువుకుంటాడు, కొత్తవి అందుకుంటాడు. చివర్లో కొద్దిసేపు మాత్రం, అదీ ఆ ఒక్క మెయిల్‌బాక్సుకే, తలుపు మూసుకుంటుంది.